ప్లాస్టిక్ కవర్లో కేసు: ఆరోగ్య హక్కుల లాయరుగా నా అనుభవం

పొలం తగాదాతో ప్లీడరు దగ్గరికి వచ్చేవాళ్ళు కాగితాలు బీరువాలోంచి తీసి తెస్తారు. దస్తావేజులు, అడంగల్ నకళ్ళు, తాతల నాటి పన్ను రసీదులు మడత నలగకుండా గుడ్డలో చుట్టి ఉంటాయి. ఆసుపత్రి తగాదాతో వచ్చేవాళ్ళు బట్టల షాపు కవర్లో తెస్తారు. స్కాన్ ఫిల్ములు, మందుల చీటీలు, రక్తపరీక్షలు, బిల్లులు అన్నీ కలిసిపోయి, సగం తడిసి ఉంటాయి. నేనీ పనిలోకి వచ్చి ఎనిమిదేళ్ళు దాటింది. ఇప్పటికీ ఏ కేసైనా ఆ కవరు బల్ల మీద కుమ్మరించి కాగితాల్ని తేదీల వారీగా పేర్చుకోవడంతోనే మొదలవుతుంది.

మాది కాట్రేనికోన దగ్గర ఊరు. నాన్న కొబ్బరి దింపు కార్మికుడు. పక్కనే కందికుప్పలో పుట్టిన బొజ్జా తారకం గారు హైకోర్టులో పెద్ద లాయరని, పేదోళ్ళ కేసులు వాదిస్తారని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగాను. అందుకే లాయరునయ్యానని చెప్పుకుంటే బాగుంటుంది గానీ నిజం కాదు. డిగ్రీ అయ్యాక బీఈడీలో సీటు రాలేదు, లాసెట్‌లో వచ్చింది, అంతే. రాజమండ్రిలో మూడేళ్ళ లా చదివి 2013లో బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకున్నాను. ఆ ఫీజు కోసం నాన్న చీటీ పాడాడు. జనరల్ వాళ్ళ దగ్గర 750, ఎస్సీ ఎస్టీల దగ్గర 125 రూపాయల కంటే ఎక్కువ తీసుకోకూడదని 2024 జులైలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చినప్పుడు నాన్నకి చదివి వినిపించాను. "పదేళ్ళు ఆగి చదవాల్సిందే నువ్వు" అన్నాడు.

అమలాపురంలో ఒక సీనియర్ గారి దగ్గర నాలుగేళ్ళు జూనియర్‌గా చేశాను. ప్రోనోటు దావాలు, పార్టిషన్ దావాలు, చెక్ బౌన్సులు, యాక్సిడెంట్ క్లెయిములు. వాయిదాకి నిలబడి మరో వాయిదా తెచ్చుకోవడమే పని. ఒకరోజు యాక్సిడెంట్ క్లెయిము కోసం ఒకావిడ వచ్చింది. ఆటో బోల్తా పడి మొగుడి కాలు నుజ్జయింది. రాత్రి పూట మూడు ఆసుపత్రులు తిప్పారట. ఒకచోట "పోలీసు కాగితం తెండి, అప్పుడు చేర్చుకుంటాం" అన్నారట. తెల్లారేసరికి కాలు తీసేయాల్సి వచ్చింది. సీనియర్ గారు ఆటో ఇన్సూరెన్సు కాగితాలు అడిగి తీసుకున్నారు. ఆసుపత్రుల సంగతేంటండీ అని నేనడిగితే, "అది కేసు కాదమ్మా, కర్మ" అన్నారు.

ఆయన చెడ్డవాడు కాదు. నాకు డ్రాఫ్టింగ్ నేర్పింది ఆయనే. కానీ ఆ మాట నాకు నిద్ర పట్టనివ్వలేదు. లైబ్రరీలో వెతికితే అది కర్మ కాదని 1989లోనే పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పేసి ఉంది: ముందు ప్రాణం, తర్వాతే పోలీసు తతంగం. 1996లో ఇంకో తీర్పు ఉంది. కలకత్తా దగ్గర రైల్లోంచి పడి తలకి దెబ్బ తగిలిన కూలీని సర్కారు ఆసుపత్రులు ఒకదాని తర్వాత ఒకటి తిప్పి పంపేశాయి. అత్యవసర వైద్యం అందించకపోవడం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కుని కాలరాయడమేనని కోర్టు చెప్పి, 25 వేలు పరిహారం ఇప్పించింది.

చట్టం ఇంత స్పష్టంగా ఉందా అని సంబరపడిపోయి మర్నాడు సీనియర్ గారి ముందు పెట్టాను. ఆయన ఒకటే అడిగారు. "చేర్చుకోం అన్నట్టు కాగితం ఏదమ్మా?" లేదు. చేర్చుకుంటే ఓపీ చీటీ పుడుతుంది, కేస్ షీటు పుడుతుంది. పొమ్మంటే ఏమీ పుట్టదు. ఆ రాత్రి ఆ మనిషి ఆ గుమ్మం దాకా వెళ్ళాడనడానికి లోకంలో ఆధారం లేదు. ఆ కేసు మేం వేయలేదు. ఆ తర్వాత ఎన్ని ఊళ్ళలో మీటింగులు పెట్టినా నేను మొదట చెప్పే మాట అదే: పొమ్మంటే, ఆ మాట చీటీ మీద రాసివ్వమనండి. రాయరు. కానీ రాయమని అడిగితే చాలాసార్లు చేర్చుకుంటారు.

2017లో కాకినాడలోని ఒక చిన్న సంస్థ ఆరోగ్య హక్కుల మీద పనిచేయడానికి లాయరు కావాలంటే వెళ్ళాను. అక్కడే మొదటి చిక్కు. ప్రాక్టీసు చేసే లాయరు ఎవరి దగ్గరా నెల జీతానికి ఫుల్‌టైమ్ ఉద్యోగం చేయకూడదు, బార్ కౌన్సిల్ రూల్స్‌లో 49వది. చేస్తే సనదు, అంటే ప్రాక్టీసు లైసెన్సు, పక్కన పెట్టి కోర్టుకి దూరంగా ఉండాలి. కాబట్టి నాది ఉద్యోగం కాదు, నాకిచ్చేది జీతం కాదు. కాగితాల మీద "వృత్తిపరమైన ఫీజు". నెలకి 18 వేలు. పీఎఫ్ లేదు, సెలవులు లేవు. బ్యాంకు వాడు లోనుకి సాలరీ స్లిప్ అడిగితే నేను నవ్వాను, వాడు నవ్వలేదు.

రెండో చిక్కు 2020 సెప్టెంబరులో వచ్చింది. విదేశీ విరాళాల చట్టానికి సవరణ చేసి, వచ్చిన విరాళంలో పరిపాలనా ఖర్చులకి వాడుకోగల వాటా 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించారు. ఆ రూల్స్‌లో పరిపాలనా ఖర్చంటే ఏమిటో రాసిన చోట ఆఫీసు అద్దె, వాహనాల ఖర్చుతో పాటు లీగల్ ఫీజులు కూడా ఉన్నాయి. అంటే మా సంస్థ చేసే పనే లెక్కల్లో ఆఫీసు అద్దె పక్కన కూర్చుంది. ఆడిటర్ గారు ఆ లైను కింద ఎర్ర పెన్నుతో గీసి చూపించాడు. ఇద్దరు లాయర్లలో ఒకరు మానుకోవాల్సి వచ్చింది. మానుకున్నది నేను కాదు, నాకంటే బాగా చేసేవాడు. అతనిప్పుడు విశాఖలో బ్యాంకు కేసులు చూస్తున్నాడు, కారు కొన్నాడు. ఈ దారిలోకి రావాలనుకునే పిల్లలు ఎవరైనా ఫోన్ చేస్తే ఈ లెక్కలన్నీ ముందే చెప్పేస్తాను. సగం మంది మళ్ళీ చేయరు. అదే మంచిది.

అమ్మకి మాత్రం నా ఉద్యోగం ఏమిటో ఇప్పటికీ అర్థం కాలేదు. సంబంధాల వాళ్ళతో "గవర్నమెంటు లాంటిదేనండి" అనేది. వాళ్ళు "లాంటిదా?" అనేవారు.

రోజూ చేసేదాంట్లో కోర్టు పని పావు వంతు కూడా ఉండదు. పీహెచ్‌సీలో షుగరు మాత్రలు ఎన్నాళ్ళుగా లేవో ఆర్టీఐ పెట్టి తేల్చడం (మన రాష్ట్రంలో ఊరి స్థాయిలో ఫీజు లేదు, మండలానికి ఐదు రూపాయలు, ఆపైన పది). చెట్టు మీంచి పడి నడుం విరిగిన దింపు కార్మికుడికి వికలాంగుల సర్టిఫికెట్టు కోసం క్యాంపుకి ఆటో కట్టించడం. హెచ్ఐవీ ఉందని తెలిసి ఆపరేషన్ వాయిదా వేస్తూ పోతున్న చోటికి 2017 చట్టం కాపీ పట్టుకెళ్ళి, వివక్ష చూపితే అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళొచ్చని, అత్యవసరమైతే వీలైనంత త్వరగా, కుదిరితే 24 గంటల్లోనే ఆర్డరు ఇవ్వాలని ఉందని నెమ్మదిగా చదివి వినిపించడం. ఇవి రాసుకుంటూ పోతే తెమలదు. నన్ను మార్చిన కేసు ఒకటుంది, దాని గురించే రాయాలని కూర్చున్నాను.

2024 మార్చి. రొయ్యల షెడ్డులో తలలు తీసే పని చేసే అమ్మాయి, 33 ఏళ్ళు. పేరు రాయను, ఎందుకో తర్వాత మీకే తెలుస్తుంది. ఆశ వర్కరు చెబితే వచ్చింది. మొదట కేసు అనలేదు. "ఒంట్లో బాగోడం లేదండి, ఏ డాట్రు దగ్గరికెళ్ళాలో చెప్తారనండి" అంది. కవర్లో కాగితాలు కుమ్మరించాను.

రెండేళ్ళ క్రితం అధిక రక్తస్రావం. ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గరుండి ఏరవతల టౌనులో ఒక నర్సింగ్ హోమ్‌కి తీసుకెళ్ళాడు. స్కానింగ్ తీసి "సంచి పాడైంది, ఉంచితే కేన్సర్ అవుద్ది" అన్నారు. పిల్లల ఆపరేషన్ 23 ఏళ్ళకే అయిపోయింది కాబట్టి ఇంకా ఎందుకని ఇంట్లో వాళ్ళూ అన్నారు. డ్వాక్రా లోను తీసి, చెవులవి తాకట్టు పెట్టి 42 వేలు కట్టారు. మా డెల్టాలో ఇది వింత కథ కాదు. ముప్పై దాటిన ఆడవాళ్ళు నలుగురు కూర్చుంటే ఒకరైనా "నాకు తీసేశారు" అంటారు, పన్ను పీకించుకున్నట్టు. గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ళు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మనది ముందు వరసలో ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతూనే ఉన్నాయి. బీహార్, రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్‌లలో అనవసరంగా చేసిన ఇలాంటి ఆపరేషన్ల మీద 2013లో ఒక డాక్టరు గారు వేసిన పిల్‌లో, కేంద్రం రూపొందించిన మార్గదర్శకాల్ని రాష్ట్రాలన్నీ మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు ప్రింటు అప్పటికి నా టేబుల్ మీదే ఉంది. కాబట్టి ఇది అదే కేసు అనుకున్నాను. కాదు.

డిశ్చార్జి సమ్మరీలో ఆపరేషన్ పేరు దగ్గర "టీఏహెచ్ విత్ బీఎస్ఓ" అని ఉంది. మొదటిది నాకు తెలుసు, పొట్ట కోసి గర్భసంచి పూర్తిగా తీయడం. రెండోది తెలీదు. తెలిసిన డాక్టరమ్మకి ఫోన్ చేశాను. "రెండు వైపులా ట్యూబులు, ఓవరీలు కూడా తీసేశారు. ఎంత వయసు? ఆపరేషన్ నాటికి 31 అంటే... అయ్యో" అంది.

ఫోన్ పెట్టేసి ఆ అమ్మాయిని అడిగాను.

"నీకేం ఆపరేషన్ చేశారని చెప్పారమ్మా?"

"గర్భసంచి తీశారండి."

"ఇంకేమైనా తీశామన్నారా?"

"ఇంకేం తీత్తారండి?"

ఎలా చెప్పాలో నాకే లా కాలేజీలోనూ నేర్పలేదు. కాగితం వెనక పెన్సిలుతో బొమ్మ గీసి చెప్పాను. ఇది సంచి, ఇవి అండాలుండేవి, ఒంటికి ఆడతనం రసాలు ఊరేది వీటిలోంచే, ఇవి పోతే యాభై ఏళ్ళ ఆవిడకి ఆగినట్టు అన్నీ ఒక్కసారి ఆగిపోతాయి. ఆ అమ్మాయి బొమ్మ వంక చాలాసేపు చూసింది. తర్వాత మెల్లగా, తనలో తను అనుకుంటున్నట్టు చెప్పింది. షెడ్డులో పొద్దస్తమానం ఐసులో చేతులు పెట్టి రొయ్య వలుస్తుంటే వేళ్ళు మొద్దుబారిపోయేవట. అదే సమయంలో గుండెల దగ్గర్నించి మొహం దాకా కాలిపోయేదట, చెమటలు పట్టేవట. పక్కనున్నవాళ్ళు నవ్వేవారట, ఐసులో ఉడికిపోతున్నావేంటే అని. ఏదో గాలి సోకిందని అత్తగారు తాయెత్తు కట్టించిందట. "ఇదాండీ" అంది. ఏడవలేదు. తాడుతో ఉన్న తాయెత్తు తీసి బల్ల మీద పెట్టి, మళ్ళీ ఏమనుకుందో ఏమో తీసి కట్టేసుకుంది.

మర్నాటి నుంచి గడియారంతో పరుగు. వినియోగదారుల చట్టంలో ఫిర్యాదుకి రెండేళ్ళే గడువు. ఆపరేషన్ 2022 మే మధ్యలో. నా చేతిలో రెండు నెలలు కూడా లేవు. తేదీ ఆ అమ్మాయికి బాగా గుర్తు. కుట్లు విప్పించుకోవడానికి వెళ్ళాల్సిన వారంలోనే, మే 24న, జిల్లా పేరు మీద అమలాపురంలో గొడవలు జరిగాయి. బస్సులు ఆగిపోయాయి, 144 పెట్టారు, ఇంటర్నెట్ కట్ చేశారు. కుట్లు ఊళ్ళో ఏఎన్ఎం విప్పింది. ఈ ముక్క తర్వాత పనికొచ్చింది.

కేస్ షీటు మొత్తం కావాలి. రోగి అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నియమావళిలో ఉంది. మూడేళ్ళ పాటు దాచాలని కూడా. అమ్మాయి సంతకంతో రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పంపాం. జవాబు లేదు. మళ్ళీ పంపాం, ఈసారి కింద "నకలు: డీఎంహెచ్ఓ గారికి" అని రాశాం. నా అనుభవంలో ఆ ఒక్క లైనుకి ఉన్న బలం పేజీల కొద్దీ లీగల్ నోటీసుకి లేదు. 20 రోజులకి తొమ్మిది పేజీల జిరాక్సు వచ్చింది.

మూడో పేజీ సమ్మతి పత్రం. ఇంగ్లీషులో అచ్చు వేసిన ఫారం, మధ్యలో చుక్కల గీతలు. ఖాళీల్లో పెన్నుతో "హిస్టరెక్టమీ" అని మాత్రం ఉంది. కింద అమ్మాయి సంతకం, మొగుడి సంతకం. "అప్పుడు ఇందులో ఏం రాయలేదండి, ఖాళీగా ఉంది. నర్సు గబగబా పెట్టమంది" అని అమ్మాయి అంది. అది నిరూపించలేం, వదిలేయమన్నాను. ఖాళీలో తర్వాత రాసిన మాట అయినా సరే, అందులో అండాశయాల మాట లేదు కదా. అది చాలు.

ఇక్కడ నేను చేసిన తప్పులు రెండు.

మొదటిది డ్రాఫ్టింగు. కోపం మీద 27 పేజీల ఫిర్యాదు రాశాను. 21వ అధికరణం, ఆర్ఎంపీ కమీషన్లు, కార్పొరేట్ వైద్యం, ఆడవాళ్ళ ఒళ్ళంటే లోకువ, అన్నీ అందులో ఉన్నాయి. పాత సీనియర్ గారికి చూపిస్తే కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసుకుని చదివారు. "ఇది వ్యాసం. కేసేది?" అన్నారు. ఆపరేషన్ అసలు అవసరం లేదని నిరూపించాలంటే ఇంకో గైనకాలజిస్టు రాసివ్వాలి. నలుగురిని అడిగాను. నలుగురూ నోటితో ఒప్పుకున్నారు, కాగితం మీద ఎవరూ రాయలేదు. ఒకే ఊళ్ళో ప్రాక్టీసు చేసుకునేవాళ్ళు ఒకరి మీద ఒకరు ఎందుకు రాస్తారు? అలా రాసేవాళ్ళు దొరక్కపోవడమే ఈ వృత్తిలో అసలు గోడ. ప్రతి కేసులోనూ నిపుణుడి అభిప్రాయం తప్పనిసరి కాదని 2010లో కిషన్‌రావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మనవాళ్ళ కేసే అది. ఆయన మలేరియా శాఖలో పనిచేసేవారు, ఆయన భార్యకి చలిజ్వరం వస్తే టైఫాయిడ్‌కి మందులిచ్చారు, ఆవిడ చనిపోయింది. అయినా అవసరం ఉందా లేదా అన్నది పూర్తిగా వైద్య ప్రశ్నే. నిపుణుడు లేకుండా అక్కడ నిలబడలేం.

సమ్మతి ప్రశ్న అలా కాదు. దానికి డాక్టరు అక్కర్లేదు, చదవడం వస్తే చాలు. 2008లో సమీరా కోహ్లీ కేసు ఉంది. లోపల ఏముందో చూడ్డానికి మాత్రమే ఒప్పుకున్న ఒకావిడకి మత్తులో ఉండగా, బయటున్న తల్లిని అడిగి, గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ఒకదానికి ఇచ్చిన సమ్మతి ఇంకోదానికి చెల్లదని, స్పృహ వచ్చేదాకా ఆగి ఆవిడనే అడగాల్సిందని సుప్రీంకోర్టు అంది. (అక్కడ కూడా పరిహారం 25 వేలే. సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన ఒంటి ధర ఎందుకో ఆ అంకె దగ్గరే ఆగుతుంది.) 27 పేజీల్ని ఆరు చేశాం. గర్భసంచి అనవసరంగా తీశారన్నది పక్కన పెట్టేశాం. చెప్పకుండా అండాశయాలు తీశారన్నది ఒక్కటే ఉంచాం. ఆ పక్కన పెట్టడం ఇప్పటికీ నాకు మింగుడు పడదు. కానీ అన్నీ అడిగి ఉంటే ఏదీ దక్కేది కాదు.

ఇలాంటి వాటికి శాశ్వత లోక్ అదాలత్ ఇంకో దారి. ఆసుపత్రి సేవలు కూడా దాని పరిధిలోకే వస్తాయి, కోర్టు ఫీజు లేదు. అందరికీ ఉచితంగా వైద్యం చేసే సర్కారు ఆసుపత్రులు వినియోగదారుల చట్టం కిందికి రావు కాబట్టి అక్కడి తగాదాలకి నేను లోక్ అదాలత్‌కే పంపుతాను. ఇక్కడ డబ్బు కట్టి చేయించుకున్నది, పైగా డాక్టరు గారిని రాతపూర్వకంగా ప్రశ్నలడగాలి. అందుకని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేశాం. చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపైతే అక్కడా ఫీజు లేదు. గడువుకి ఇంకా 11 రోజులుండగా నంబరు పడింది. ఆ రాత్రి ఇంటికెళ్ళి చద్దన్నం తిన్నాను, అంత రుచిగా ఎప్పుడూ లేదు.

రెండో తప్పుని ఎవరి మీదా నెట్టలేను. ఫిర్యాదు వేశాక ఒక విలేకరి అడిగితే మాట్లాడాను. ప్రచారం వస్తే ఇంకో నలుగురు జాగ్రత్త పడతారని నా ఉద్దేశం. పేరు రాయొద్దన్నాను, ఆయనా రాయలేదు. మండలం రాశాడు, రొయ్యల షెడ్డు అని రాశాడు, ఇద్దరు ఆడపిల్లల తల్లి అని రాశాడు. ఊళ్ళో అలాంటి మనిషి ఇంకొకరు లేరు. రెండు నెలలు ఆ అమ్మాయి ఫోన్ ఎత్తలేదు. వాయిదాకి నేనొక్కదాన్నే నిలబడ్డాను. చివరికి వాళ్ళింటికి వెళ్ళాను. గుమ్మం దాకా వచ్చిన శత్రువుకైనా మంచినీళ్ళిచ్చే ఊళ్ళు మావి. ఆ ఇంట్లో నాకు ఇవ్వలేదు. అత్తగారు అరుగు మీద కొబ్బరి ఈనెలు చీరుకుంటూ తలెత్తకుండానే అడిగింది, "కేసు నెగ్గితే మీ ఫోటో కూడా వేత్తారేటండి పేపర్లో?"

క్షమించమన్నాను. ఇంకే పత్రికకీ చెప్పనన్నాను. కేసు మానేస్తామంటే కాగితాలన్నీ తిరిగి ఇచ్చేస్తానన్నాను. లోపల్నించి ఆ అమ్మాయి వచ్చి, "వాయిదా ఎప్పుడండి?" అంది.

ప్రతివాదులు జవాబు వేయడానికి 30 రోజులు, మహా అయితే ఇంకో 15. అది దాటితే కమిషన్ కూడా పొడిగించలేదని 2020లో రాజ్యాంగ ధర్మాసనం తేల్చేసింది. వాళ్ళు 44వ రోజు వేశారు. భర్త సంతకం ఉంది కాబట్టి అందరికీ తెలిసే జరిగిందన్నారు. ముందు ముందు కేన్సర్ రాకుండా మంచి చేశామన్నారు. కుట్లు విప్పించుకోవడానికి కూడా రాలేదు, ఆమెకే ఆరోగ్యం మీద శ్రద్ధ లేదన్నారు. ఆఖరి మాటకి 2022 మే చివరి వారం కోనసీమలో ఏం జరిగిందో కమిషన్‌లో ఎవరికీ చెప్పాల్సిన పని పడలేదు. సభ్యురాలు ఒకావిడ ఫైల్లోంచి తలెత్తి, "ఆ వారం నేనూ ఇల్లు కదల్లేదండి" అంది.

ప్రశ్నావళిలో ఒకటే గట్టిగా అడిగాం. అండాశయాలు తీయాల్సిన అవసరం ఎప్పుడు తెలిసింది? ఆపరేషన్ మధ్యలో, చూడగానే పాడై కనిపించాయి అని జవాబు. మంచిది. ఆ తొమ్మిది పేజీల జిరాక్సులో ఆరో పేజీ ఆపరేషన్ నోట్సు. అదీ అచ్చు ఫారమే, అందరికీ ఒకటే రాత. అందులో నాలుగో లైను: రెండు అండాశయాలు మామూలుగా ఉన్నాయి. ఆ పేజీ అప్పటికి ఎన్ని సార్లు చూశానో! చూస్తూనే దాటేశాను. దాన్ని పట్టుకున్నది నేను కాదు, మా ఆఫీసులో జిరాక్సులు తీసే డిగ్రీ పిల్ల. "అక్కా, నార్మల్ అని ఉంది కదా, మరి ఎందుకు తీశారు?" అంది.

13 నెలలకి, 2025 జూన్‌లో ఆర్డరు వచ్చింది. నాలుగు లక్షలు, ఖర్చుల కింద పది వేలు. వాళ్ళు రాష్ట్ర కమిషన్‌కి అప్పీలుకి వెళ్ళారు. వెళ్ళాలంటే సగం సొమ్ము ముందు డిపాజిట్ చేయాలి, చేశారు. ఇంకో రెండు మూడేళ్ళు సాగుతుందని అమ్మాయికి చెప్పాను. ఆ ఏడాది ఆఖర్లో వాళ్ళ లాయరు గారు రాజీ మాట ఎత్తారు. మూడున్నర లక్షలు, వెంటనే. తప్పు ఒప్పుకున్నట్టు కాదు అని ఒక లైను.

నాకు ఇష్టం లేదు. ఆ ఆర్డరు పైన కూడా నిలబడితే ఇంకెంతమందికి పనికొస్తుందో నాకు తెలుసు. అలాంటి తీర్పు ఒక్కటి చేతిలో ఉండాలనే ఈ వృత్తిలో అందరూ కలలు కంటారు. కానీ పేపరు సంగతి తర్వాత నా కలలకి ఆ అమ్మాయి ఒంటిని వాడుకునే ధైర్యం పోయింది. రెండు వైపులా ఏముందో చెప్పి, "నీ ఇష్టం" అన్నాను. పెద్ద కూతురికి ఇంటర్ ఫీజు కట్టాలి, ఎముకల మందులకి నెలకి పన్నెండొందలవుతోంది. "తీసేసుకుందామండి" అంది.

రావులపాలెంలో బస్సెక్కి విజయవాడ వెళ్ళాం. అత్తగారు కూడా వచ్చింది, సజ్జబూరెలు మూట కట్టుకుని. నాకు రెండు పెట్టింది, మాటాడలేదు. రాజీ పత్రం రెండు పేజీలు, ఇంగ్లీషులో ఉంది. అవతలి లాయరు గారు పెన్ను మూత తీసి చేతికిచ్చి, ఎక్కడ సంతకం పెట్టాలో వేలితో చూపించాడు. అమ్మాయి పెన్ను బల్ల మీద పెట్టేసింది.

"చదవండక్కా, తెలుగులో."

చదివాను. ప్రతి లైనుకీ ఆపి అర్థం అడిగింది. తప్పు ఒప్పుకున్నట్టు కాదన్న లైను దగ్గర ఎక్కువసేపు ఆగింది, మళ్ళీ చదవమంది, తలూపింది. 20 నిమిషాలు పట్టింది. అవతలాయన రెండుసార్లు వాచీ చూసుకున్నాడు. రెండో పేజీ అడుగున సంతకాలకీ పైనున్న చివరి లైనుకీ మధ్య నాలుగు వేళ్ళ మేర తెల్లగా ఉంది.

"ఇదేటండి, ఖాళీ?"

"ఏం లేదు, ఊరికే మిగిలింది" అన్నాను.

అమ్మాయి పెన్ను తీసుకుని, ఆ తెల్లటి చోట ఈ మూల నుంచి ఆ మూలకి అడ్డంగా ఒక గీత గీసింది. ఆ తర్వాత కింద సంతకం పెట్టింది.